బేగంపేటలో ఆ నమస్కారం ఏ రోజుది?

ఏటా సెప్టెంబరు 17 దగ్గర పడుతుంటే తెలుగు చానళ్లలో ఒక నలుపు తెలుపు దృశ్యం తిరగడం మొదలవుతుంది. బేగంపేట విమానాశ్రయం. విమానం దిగిన సర్దార్ పటేల్. ఆయన ఎదుట చేతులు జోడించిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. కింద పట్టీలో చాలాసార్లు "నిజాం లొంగుబాటు, 1948" అని ఉంటుంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లోనైతే సెప్టెంబరు 17 అని తేదీ కూడా వేస్తారు. ఆ రోజు పటేల్ హైదరాబాదులో లేరు. ఆయన బేగంపేటలో దిగింది ఐదు నెలల తర్వాత, 1949 ఫిబ్రవరిలో.

మరి సెప్టెంబరు 17న జరిగిందేమిటి? భారత సైన్యం సరిహద్దు దాటి అప్పటికి ఐదో రోజు. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. సాయంత్రం నిజాం దక్కన్ రేడియో నుంచి మాట్లాడారు. అంతకుముందు ఆయన రేడియోలో మాట్లాడి ఎరగరు. ఆ ప్రసంగం వెనక భారత ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీ ఉన్నారు. మర్నాడు, 18న, హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు. అంటే 17న అసలు సంగతి మైకు ముందు జరిగింది. టీవీకి బొమ్మ కావాలి కాబట్టి ఐదు నెలల తర్వాతి బొమ్మను తెచ్చి ఆ తేదీకి అతికించారు. అతికించిన ఆ అతుకు ఇప్పుడు మన జ్ఞాపకంలోనే కలిసిపోయింది.

ఐదు నెలల తేడాకు ఇంత గొడవెందుకు అనిపించవచ్చు. 1949 ఫిబ్రవరి నాటికి హైదరాబాదులో సైనిక గవర్నరుగా చౌధురి పాలన నడుస్తోంది. అధికారం పోయినా నిజాం తన హోదాలోనే ఉన్నారు. ఏడాది తిరిగేసరికి రాజ్‌ప్రముఖ్ అయ్యారు కూడా. బేగంపేటలో కనిపించేది ఓడిన రాజు ఆయుధం కింద పెట్టిన క్షణం కాదు. కొత్త ఏర్పాటులో తన చోటేదో చూసుకుంటున్న మనిషి, తన భవిష్యత్తు ఎవరి చేతిలో ఉందో తెలిసి ఎదురెళ్లి స్వాగతం పలకడం అది. రెండూ రెండు వేర్వేరు కథలు. విమోచనం, విలీనం, విద్రోహం అని మూడు పేర్లతో ఏటా వాదించుకునేవాళ్లు ముగ్గురూ ఈ ఒక్క ముక్కనే వాడుకుంటారు, ముగ్గురూ ఒకే తప్పు తేదీతో.

పాత వార్తా చిత్రాలు, రేడియో టేపులు, టీవీ కేసెట్లు చూపెట్టి, వాటి మీదుగా ఒక రాష్ట్రం చరిత్ర చెప్పవచ్చునని ఈ మధ్య అందరికీ ఆశ పుట్టింది. అందుకు కారణం ఉంది. 2014లో బ్రిటిష్ పాథే సంస్థ తన 85 వేల చిత్రాలను యూట్యూబులో పెట్టింది. మరుసటి ఏడాది అసోసియేటెడ్ ప్రెస్, బ్రిటిష్ మూవీటోన్ కలిసి ఐదున్నర లక్షల వీడియోలు పెట్టాయి. మన ఫిల్మ్స్ డివిజన్ రీళ్లు కూడా కొన్ని బయటికొచ్చాయి. ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. వెతకడానికి మాత్రం కాస్త కిటుకు కావాలి. విజయవాడ అని కొడితే ఏమీ రాదు, బెజవాడ అన్న పాత ఇంగ్లీషు స్పెల్లింగు కొట్టాలి. మచిలీపట్నానికి మసులిపటం, కాకినాడకు కొకనాడా, విశాఖకు వైజాగపటం. 1953కు ముందు కోస్తా, సీమ జిల్లాల సంగతులన్నీ మద్రాసు అన్న పేరు కింద పడుకుని ఉంటాయి. హైదరాబాద్ అని వెతికితే సగం సింధు రాష్ట్రపు హైదరాబాదువి వస్తాయి. పట్టిక రాసిన గుమాస్తాకు ఊరు తెలియకపోతే ఆ ఊరి చరిత్ర డెబ్భై ఏళ్లు కనపడకుండా పోతుంది.

ఇలా దొరికినవాటితో తెలుగువాళ్ల చరిత్ర ఎంతవరకు చెప్పుకోవచ్చు, ఎక్కడ చెప్పుకోలేం? నాకు అర్థమైనంతలో, మన దగ్గర మిగిలిన రికార్డింగుల కంటే మిగలని రికార్డింగులే ఈ ప్రశ్నకు ఎక్కువ జవాబు చెబుతాయి.

మొదట న్యూస్ రీలు సంగతి. సినిమా మొదలయ్యే ముందు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుంటే, నేల టికెట్టువాళ్లు బీడీ ఆఖరి దమ్ము లాగుతుంటే తెర మీద పడేది. ఏదో ఆనకట్ట, ఎవరో మంత్రి, ఎక్కడో వరద. ఫిల్మ్స్ డివిజన్ 1948లో ఏర్పడింది. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ మొదటినుంచీ వ్యాఖ్యానం చెప్పించింది. సినిమాకు ముందు ఆ రీలు వేయడం హాళ్లకు తప్పనిసరి. కాబట్టి పేపరు చదవలేని లక్షలమందికి రాజ్యం ముఖం మొదట కనిపించింది అక్కడే. ఇప్పుడు నెట్‌లో తేలుతున్నవి ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ ప్రతులు. మన తాతలు విన్న తెలుగు వ్యాఖ్యానం వేరే గొంతు, వేరే మాటలు. బొమ్మ ఒకటే అయినా అది వేరే పత్రం. తెలుగు ప్రతులను విడిగా వెతికి పట్టుకునే పని ఎవరైనా చేస్తే ఆ చేతులకు దండం పెడతాను.

ఆ కెమెరా ఎక్కడికి వెళ్లేదో గమనించండి. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం ప్రారంభించింది నెహ్రూ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసింది నెహ్రూ. 1956 నవంబరు 1న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్‌ను ప్రారంభించిందీ నెహ్రూయే. ప్రధాని ప్రయాణించిన చోటల్లా కెమెరా ప్రయాణించింది. 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షలో క్షీణించిన 58 రోజుల వైపు ఆ కెమెరా తిరగలేదు. ఆ రోజులు మనకు మిగిలింది ప్రధానంగా పత్రికల అచ్చులోనే. రాష్ట్రం వచ్చిన వేడుకకు బొమ్మ ఉంది, రాష్ట్రం తెచ్చిన ఆకలికి లేదు.

అందుకని ఆ రీళ్లు పనికిరానివని అనను. వాటిని మధ్యలో కాకుండా అంచుల్లో చూడాలి. నాయకుడి భుజం వెనక నిలబడ్డవాళ్ల బట్టలు, తలపాగా చుట్టిన తీరు, కాళ్లకు చెప్పులున్నాయా లేవా, బ్యానరు మీద అక్షరాలు తెలుగువా ఉర్దువా ఇంగ్లీషువా, ఆడవాళ్లు ఎక్కడ నిలబడ్డారు. సాగర్ డ్యామును రాతితో కట్టారు. పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలు తట్టలు మోశారు. అలాంటి దృశ్యాల్లో బరువు నెత్తిన పెట్టుకుని ఏటవాలు బల్లల మీద వరసగా ఎక్కిపోయే మనుషులు కనిపిస్తారు. వాళ్లలో ఒక్కరు కూడా మాట్లాడరు. అప్పటి న్యూస్ రీళ్లలో ఎక్కువ భాగం శబ్దం లేకుండానే తీసేవారు. సంగీతం, వ్యాఖ్యానం తర్వాత స్టూడియోలో కలిపేవారు. కూలీ నోరు కదిలినా మనకు వినపడేది స్టూడియోలో కూర్చున్నాయన గొంతే.

హైదరాబాదు సంగతికొస్తే ఆ నిశ్శబ్దం ఇంకా బరువైనది. సైనిక చర్య తర్వాత జిల్లాల్లో జరిగిన హింస మీద విచారించడానికి పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 చివర్లో పర్యటించింది. తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని ఆ బృందం అంచనా. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు ఎక్కువ దెబ్బ తిన్నాయి. ఆ నివేదిక 2013 దాకా మామూలు పాఠకుల చేతికి రాలేదు. లొంగుబాటు దృశ్యం వందలసార్లు చూసినవాళ్లలో ఈ నివేదిక మాట విన్నవాళ్లు ఎంతమంది?

తెలంగాణ పల్లెల్లో 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం కూడా అధికారిక కెమెరాకు దూరంగానే ఉండిపోయింది. దాని గొంతును మనం మరో దారిలో సంపాదించుకున్నాం. ముప్పై ఐదేళ్ల తర్వాత స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేప్ రికార్డర్లు పట్టుకుని బయల్దేరి, పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ, ఇంకా ఎందరో. 1986లో ఆ మాటలు "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకమయ్యాయి. ఐలమ్మ 1985లోనే కన్నుమూశారు. ఆ కేసెట్టు కొంచెం ఆలస్యంగా తిరిగి ఉంటే ఆ గొంతు మనకు లేదు. అవి వార్తా రికార్డింగులు కావు కదా అని ఎవరైనా అంటే, కావు నిజమే. అయినా వార్త వదిలేసిన చోట చరిత్రకు వేరే ఆధారం ఎలా దొరుకుతుందో చెప్పడానికి తెలుగులో ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఇక రేడియో. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదు అయింది. "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది" అన్న మాట తర్వాత వచ్చే పేరు కోసం ఇంట్లోవాళ్లు చెవులు రిక్కించేవారు. ఢిల్లీ నుంచి అద్దంకి మన్నారు గొంతు వినని తెలుగు ఊరు లేదు. తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ జోలెపాళెం మంగమ్మ. ఈ గొంతులు ఇన్ని వేల ఉదయాలు, సాయంత్రాలు మోగాయి. ఆ బులెటిన్లలో ఎన్ని మిగిలాయి?

మిగలకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. వార్తలు చాలావరకు సూటిగా గాల్లోకి చదివేసేవే, టేపు మీదికి ఎక్కవు. ఎక్కేది నాయకుల ప్రసంగం ముక్క, సభల చప్పుడు, ఇంటర్వ్యూ. పావు అంగుళం వెడల్పు స్పూలు టేపు. కావలసిన మాట ఎక్కడ మొదలవుతుందో చేత్తో చక్రం అటూ ఇటూ తిప్పుతూ వినాలి. తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టాలి. బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొనలనూ చిన్న అతుకు టేపుతో కలపాలి. కోసి పారేసిన ముక్కలు బల్ల కింద చుట్టలు చుట్టుకుని పడి ఉండేవి. నాయకుడు దగ్గడం, మధ్యలో ఎవరో కేక వేయడం, ప్రశ్న అడిగినవాడికి కోపంగా ఇచ్చిన జవాబు, ఇవన్నీ ఆ బల్ల కిందే. కార్యక్రమం అయ్యాక స్పూలును చెరిపి రేపటికి వాడుకోవాలి. టేపు ఖరీదైన సరుకు. ఆ పని చేసినవాళ్లను తప్పు పట్టలేం. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన దృశ్యాల మూల టేపులను సాక్షాత్తూ నాసాయే చెరిపి వాడేసింది.

మిగిలిన రేడియో గొంతులు ఎవరివి మరి? 1954 నుంచి ఢిల్లీలో ప్రతిలేఖన విభాగం రాష్ట్రపతులు, ప్రధానుల ప్రసంగాలు భద్రపరుస్తూ వచ్చింది. కేంద్రాల్లో సంగీతం టేపులు, సాహితీవేత్తల గొంతులు దాచుకున్నారు, అది గొప్ప సేవే. వార్త మాత్రం సాయంత్రానికి చద్దిదయ్యే సరుకుగానే ఉండిపోయింది.

అందులో పోయింది సమాచారం మాత్రమే అయితే పత్రికలు చూసి పూడ్చుకోవచ్చు. భాష పోయింది. రేడియోలో వార్తలు చదివేవారి ఉద్యోగం పేరే చదువరి, అనువాదకుడు కలిపి ఉండేది. ఇంగ్లీషు కాపీ చేతికొస్తుంది, గడియారం పరుగెడుతుంటుంది, అక్కడికక్కడే తెలుగు చేసుకుని చదవాలి. "పునరుద్ఘాటించారు", "దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు", "హుటాహుటిన బయల్దేరారు" అన్న మాటలు ఆ ఒత్తిడిలో స్థిరపడి, అక్కణ్నుంచి పేపర్లకు, ఉపన్యాసాలకు, చివరికి మన మాటలకు ఎక్కాయి. ఆధునిక తెలుగు వచనం ఎలా తయారైందో చెప్పే అసలు సాక్ష్యం ఆ బులెటిన్లలో ఉండేది.

ప్రాణాలకు సంబంధించిన సాక్ష్యం కూడా. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తీసుకోండి. సుమారు పదివేల మంది పోయారు. తీగలు తెగి, దారులు తెగి, ఆ నష్టం ఎంతటిదో బయటివాళ్లకు తెలియడానికే రోజులు పట్టింది. 1990 మే నెల తుపాను కూడా అంత భీకరమైనదే. లక్షలమందిని ముందే తరలించారు, మృతులు వెయ్యిలోపు. ఈ రెండింటి మధ్య పదమూడేళ్లలో ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు వచ్చాయి. హెచ్చరిక చెప్పే మాట కూడా మారిందా? 1977లో రేడియో ఏమంది, ఎన్ని గంటలకంది, "తీరం దాటే అవకాశం" అని ఊరుకుందా, "ఇళ్లు వదిలి వెళ్లండి" అని తెగేసి చెప్పిందా? "పదో నంబరు ప్రమాద సూచిక" అంటే వలవేటకు వెళ్లేవాడికి ఏం అర్థమైంది? ఆ బులెటిన్లు వరసగా పెట్టుకుని వినగలిగితే విపత్తుల శాఖకే పాఠం అయ్యేది.

టీవీ దగ్గర కొంచెం వేగంగా వెళతాను. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది, ఉప్పెనకు నెలైనా ముందు కాదు. తెలుగు వార్తలు మాత్రం 1983 నవంబరు 14న వచ్చాయి. తొలి వార్తలు చదివిన శాంతిస్వరూప్ 2024లో మనల్ని వదిలి వెళ్లారు. తెరమీద అక్షరాలు చూపే యంత్రం లేని రోజుల్లో కాగితం ముందే కంఠతా పట్టి, చూపు ఎత్తి చదివేవారు. తెలుగు వార్తలు మొదలై ఏడాది తిరక్కుండానే, 1984 ఆగస్టు 16న ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేశారు. సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. మధ్యలో గుండె ఆపరేషన్ నుంచి కోలుకుంటూ, చక్రాల కుర్చీలో, ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. తెలుగు టీవీ వార్తలకు అది తొలి పెద్ద పరీక్ష. కేంద్రం చేతిలో ఉన్న మాధ్యమం, కేంద్రంతో తలపడుతున్న రాష్ట్ర ముఖ్యమంత్రి. ఆ 31 రోజుల తెలుగు బులెటిన్లు వరసగా చూడగలిగితే ఎన్ని గ్రంథాలు చదివినా తెలియనిది తెలుస్తుంది. మరుసటి ఏడాది జులై 17న కారంచేడులో దళితుల మీద దాడి. ఆ సాయంత్రం బులెటిన్లో ఆ ఊరికి ఎన్ని సెకన్లిచ్చారు, "ఘర్షణ" అన్నారా "హత్యాకాండ" అన్నారా? చరిత్రకారుడికి కావలసింది ఆ ఒక్క మాట.

1995లో జెమిని, ఈటీవీ రావడంతో, 2003 చివరి నుంచి ఇరవై నాలుగు గంటల వార్తా చానళ్లు రావడంతో లెక్క తిరగబడింది. అంతవరకు కరువు, ఇప్పుడు వరద. తెలంగాణ కోసం 2009 నవంబరు 29న మొదలైన కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9 అర్ధరాత్రి వేళ కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, 23న వెనక్కి తగ్గిన రెండో ప్రకటన, 2011 మార్చి 10 మిలియన్ మార్చ్. ఒక్కో క్షణాన్నీ పదేసి కెమెరాలు తీశాయి. ఒక రాష్ట్రం విడిపోవడం ఇంత దగ్గరగా చిత్రితమైన ఉదంతం మన దేశంలో మరొకటి లేదనిపిస్తుంది. ఈ సరుకు ఎక్కడుంది? అనుమతి నిబంధనల ప్రకారం ప్రసారం చేసినదాన్ని చానల్ 90 రోజులు దాచాలి. ఆ తర్వాత ఉంచడం, ఊడ్చేయడం యజమాని ఇష్టం. పుస్తకం అచ్చేస్తే 1954 చట్టం కింద ప్రతులు జాతీయ గ్రంథాలయాలకు పంపాలి, పేపరుకూ అంతే. ప్రసారానికి అలాంటి చట్టం మనకు లేదు. ఫ్రాన్సులో 1992 నుంచి రేడియో, టీవీ ప్రసారాలనూ పుస్తకాల్లాగే చట్టప్రకారం జమ చేయాలి. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు 5 నుంచి ప్రతి రాత్రి జాతీయ వార్తలు రికార్డు చేస్తూ వచ్చింది. ఒక పెద్ద నెట్‌వర్కు కోర్టుకెక్కితే, 1976లో కాపీరైటు చట్టంలోనే గ్రంథాలయాలకు ఆ హక్కు రాయించారు. ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ 1979 నుంచి 2012లో పోయేదాకా ఇంట్లో టీవీ వార్తలు ఆపకుండా రికార్డు చేసుకుంటూ పోయింది. 70 వేలకు పైగా కేసెట్లు. చుట్టుపక్కలవాళ్లు విడ్డూరంగా చూసి ఉంటారు. ఇప్పుడవి పరిశోధకుల ఆస్తి.

కెమెరా ఉన్నా లేనట్టయిన సందర్భం ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. 2014 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందుతున్న సమయం. కోట్ల తెలుగు కళ్లు టీవీకి అతుక్కుని ఉన్నాయి. లోక్‌సభ టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. తలుపులు మూసిన సభలో మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది. సభలో ఎవరేమన్నారో పార్లమెంటు నివేదికల్లో అక్షరాల్లో ఉంది. కానీ ఒక రాష్ట్రం రెండు రాష్ట్రాలైన ఆ గంటన్నర జనం కళ్లముందు జరగలేదు. అది లోపమా, ఇంకేమైనానా అన్నది నేను తేల్చలేను. ఆ తెర నల్లబడ్డ సంగతి మాత్రం తెలంగాణ, ఆంధ్ర చరిత్రలు రెండింట్లోనూ రాసి తీరాలని గట్టిగా అనుకుంటాను.

ఆ నల్లబడ్డ తెరను తలచుకున్నప్పుడల్లా నాకు అమెరికాలోని మిసిసిపీ గుర్తొస్తుంది. ఆ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ అనే స్టేషను ఉండేది. 1955లో నల్లజాతి న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ జాతీయ కార్యక్రమంలో కనిపించబోతే, ప్రసారం ఆపి కేబుల్ ఇబ్బంది అని బోర్డు పెట్టింది. ఏళ్ల తరబడి నల్లవాళ్ల ఉద్యమాన్ని తెర మీదికి రానివ్వలేదు. ఎంతో ఒత్తిడి తర్వాత 1963 మే 20న ఆ ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌కు మాట్లాడే అవకాశం ఇచ్చింది. జూన్ 12న ఆయన్ని ఇంటి ముందే కాల్చి చంపారు. ప్రేక్షకులకు కూడా హక్కులుంటాయని చర్చి సంఘం ఒకటి కోర్టుకెక్కి గెలిచింది. 1969లో స్టేషను లైసెన్సు పోయింది. ఇక్కడే నాకు ఆశ కలిగించే సంగతి ఉంది. ఆ స్టేషను కెమెరామెన్లు తీసిన ఫిల్ము, 1954 నుంచి 1971 దాకా లక్షల అడుగులు, ఆ రాష్ట్ర ప్రాచీన పత్రాల శాఖలో భద్రంగా ఉంది. యజమాని చూపించనిదాన్ని కూడా కెమెరా చూసింది. చూసినదాన్ని ఎవరో పారేయలేదు. ఆ రాష్ట్రం తన సిగ్గును కూడా దాచుకుంది, దాచుకున్నందుకే ఇవాళ అక్కడి పిల్లలు తమ చరిత్రను సూటిగా చూడగలుగుతున్నారు.

మనం చేయగలిగినవి లేకపోలేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు, ధ్వని రికార్డుకు హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లే. 1964 దాకా విడుదలైన న్యూస్ రీళ్లు ఇప్పుడు అందరి సొత్తు. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేసి పెట్టినప్పుడు గోలకొండ పత్రిక, ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక ఏ కుర్రవాడైనా తేదీ వేసి తెరిచే వీలు కలిగింది. ఎన్ని పరిశోధనలకు అది ఊపిరి పోసిందో అందరికీ తెలుసు. గొంతుకు, బొమ్మకు అలాంటి తలుపు ఒకటి కావాలి, రెండు రాష్ట్రాలూ కలిసి తెరిచేది. 1956 నుంచి 2014 దాకా ఉన్న సరుకును అటూ ఇటూ పంచుకోవడం కుదరదు, నకలు తీసుకోవడమే దారి. తొందర కూడా ఉంది. ఫిల్ము పులిసి వెనిగరు వాసన కొడుతుంది. టేపు మీద పూత తేమకు జిగురెక్కి ఊడిపోతుంది. రాగితీగలాంటి ఆ సన్నటి పట్టీని చదవగల యంత్రాలు, వాటిని బాగుచేయగల చేతులు ఏటా తగ్గిపోతున్నాయి.

పెద్ద సంస్థల కోసం ఎదురుచూడనక్కర్లేని సరుకు కూడా ఉంది. తొంభైల్లో ప్రతి చిన్న పట్నంలో కేబుల్ ఆపరేటరు సాయంత్రం పూట ఊరి వార్తలు వేసేవాడు. మునిసిపల్ మీటింగు, జాతర, బస్సు బోల్తా, వరద. పెళ్లిళ్లకు వీడియో తీసే కుర్రాడే విలేఖరి. కోనసీమలో అలాంటి ఒకాయన ఇంటికి పోయినేడు వెళ్లాను. బీరువా నిండా వీహెచ్ఎస్ కేసెట్లు, సగం బూజు. "పెళ్లిళ్లండి అన్నీ. మీకు పనికొచ్చేవి ఉండవు" అన్నారు. ఒక దాని అట్ట మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు ఉన్నాయి. ప్లేయరు తల దూదితో తుడిచి పెట్టారు. తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు. తర్వాత గీతలు గీతలుగా తెర. ఆ తర్వాత ఒక్కసారిగా ఆకాశం. కొబ్బరిచెట్టు ఒక్కటీ నిలబడి లేదు.

"ఓ, ఇదా! తొంభై ఆరు తుపానండి. మర్నాడు తీశాను" అన్నారాయన. అంటే 1996 నవంబరు 7.

కెమెరా ఒక పెరట్లోకి వెళ్లింది. నలభై ఏళ్ల ఆవిడ పడిపోయిన చెట్ల మధ్య నడుస్తూ ఒక్కోదాన్ని చూపిస్తోంది. ఇది మా మామగారు వేసింది. ఇది నేను కాపురానికొచ్చిన ఏడు పెట్టింది. ఇది పెద్దోడు పుట్టినప్పటిది. ఏడవడం లేదు. లెక్క తప్పకూడదన్నట్టు ఒక్కోదాన్నీ చేత్తో ముట్టుకుంటూ వెళుతోంది. పదకొండో చెట్టు దగ్గరికి వెళుతుండగా నీలం తెర వచ్చేసింది.

"ఆవిడ ఎవరో తెలుసాండి మీకు?" అని అడిగాను.

"తెలుసండి. ఉన్నారింకా. ఊరు, పేరు చెప్తాను, రాసుకోండి" అని ఆయనే పెన్ను తీసి, కేసెట్టు అట్ట మీద పెళ్లివాళ్ల పేర్ల కింద ఊరు, ఆవిడ పేరు, తేదీ నిదానంగా రాశారు.